పేరు దగ్గర మూడు దెబ్బలు

కొబ్బరి కోరేటప్పుడు కూనిరాగం తీయడం నాకు అలవాటు. చేతులు పని మీద, నోరు పాట మీద ఉంటే అలుపు తెలియదు. అరవై ఆరేళ్ళ వయసులో పూటకి ఎనిమిది కాయలు కోరుతున్నానంటే ఆ రాగం చలవే. మా ఆవిడ నెస్టా మాత్రం ఆరే లెక్క అంటుంది. మిగతా రెండూ కోరుతూ కోరుతూనే నేను తినేస్తానట.

ఆ రోజు కూడా కోరుతున్నాను. మెట్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్న మా మనవరాలు జినీటా ఉన్నట్టుండి అడిగింది.

"తాతా, ఆ పాటలో మధ్యమధ్యలో ఎందుకాగిపోతావు?"

"ఎక్కడాగాను?"

"'నీ పడవేదే' అనే ముందు ఆగుతావు. ఆగి, చిప్పని పీట మీద మూడుసార్లు కొడతావు. 'నీ పందేదే' అనే ముందు కూడా అంతే. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తున్నా."

పదమూడేళ్ళ పిల్ల. దాని చెవికి దొరికితే ఇక తప్పించుకోవడం కష్టం.

"అక్కడొక మాట ఉందే. అది నేను పలకకూడదు."

"బూతా?"

లోపల్నుంచి నెస్టా పకపకా నవ్వింది. "బూతే అయితే మీ తాత ఆగేవాడా? రెండుసార్లు అనేవాడు!"

బూతు కాదు. పేరు. మా వియ్యపురాలి పేరు. వియ్యపురాలంటే మాకు తంబు, అంటే పేరెత్తకూడని నిషేధం. తంబు పేరు నోటితో పలకడమంటే అన్నం తిన్న ఇంట్లో ఉమ్మేసినట్టు. కాబట్టి ఈ కథ ఎంత దూరం సాగినా ఆ పేరు మీకూ చెప్పను. రాసినా పలికినట్టే లెక్క. ఎంత మొహమాటపెట్టినా లాభం లేదు.

కానీ ఒకప్పుడు ఆ పేరు నేను గొంతు చించుకుని అరిచినవాణ్ణే. మా దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు అది. నాకు ఇరవై ఒకటి. మా అన్న వైక్లిఫ్, పినతల్లి కొడుకులు పీకో, జిమురు, నేను కలిసి వెదురు బ్యాండు పెట్టాం. బారెడు గొట్టం నుంచి జానెడు గొట్టం దాకా వరసగా కట్టి, హవాయి చెప్పులతో వాటి మూతి మీద కొట్టడమే వాయించడం. చెప్పుదెబ్బలు తిని కూడా తియ్యగా పలికేది లోకంలో అదొక్కటే. దీవుల మధ్య మా మరోవో నీళ్ళలో ఏ రేవుకి ఓడొచ్చినా మేం గొట్టాలు మోసుకుని అక్కడికి తయారయ్యేవాళ్ళం.

ఒకసారి మా రేవులో చర్చి విందు. ఎదుటి తీరం నుంచి ఒక అమ్మాయి తెడ్డేసుకుంటూ వస్తోంది. పడవలో ఆరు ఆకుల మూటల కర్రపెండలం పిండివంట, కాళ్ళు కట్టేసిన ఒక పంది. రేవు ఇంకా వంద గజాలుందనగా అమ్మాయి ఎవర్నో చూసి చెయ్యూపడానికి నిలబడింది. పద్ధెనిమిదేళ్ళొచ్చిన మనిషి, నీళ్ళ మీద పుట్టిన మనిషి, పడవలో నిలబడి చెయ్యూపుతుందా? ఊపింది. పడవ తిరగబడింది. పిండివంట చేపలకి విందైపోయింది. పంది ఎలా తెంచుకుందో ఏమో, కట్లు తెంచుకుని ఈదుకుంటూ ఒడ్డెక్కి మా కళ్ళముందే అడవిలోకి వెళ్ళిపోయింది. పాస్టరుగారు ఆ మధ్యాహ్నం వట్టి చేపల పులుసుతో సరిపెట్టుకున్నారు.

సాయంత్రానికి పాట సిద్ధం. నేనే కట్టాను. నా జీవితంలో నేను కట్టింది ఆ ఒక్క పాటే. ఒకడు ఆమె పేరు పెట్టి పిలిచి అడుగుతాడు, మిగతావాళ్ళు జవాబు చెప్తారు.

పేరు, 'నీ పడవేదే?' 'తిరగబడి తేలింది.' పేరు, 'నీ పందేదే?' 'ఈదుకుంటూ పోయింది.' పేరు, 'నీ వంటేదే?' 'చేప నోట్లో కరిగింది.' పేరు, 'మరి నువ్వేదే?' 'నీళ్ళల్లో ఏడ్చింది.'

ఇంతే. కానీ దానికి ఆ చెప్పుదెబ్బలు తోడయ్యేసరికి ముసలాళ్ళు కూడా కర్రలు పక్కన పడేసి ఎగిరేవాళ్ళు. ఏడాదిలో ఆ పాట గీజో పట్నం దాకా వెళ్ళింది. ఆమె పేరు తెలియని రేవు లేదు. ఆమె మాత్రం నేను కనిపిస్తే చాలు, చేతికి ఏది దొరికితే అది విసిరేది. ఒకసారి కొబ్బరి చిప్ప నా చెవి పక్కనించి దూసుకుపోయింది. తర్వాత ఆమె ఓడ ఇంజను చూసే ఆయన్ని చేసుకుంది, నేను నెస్టాని చేసుకున్నాను. పాట మాత్రం అలాగే తిరుగుతూ వచ్చింది.

ఆ తర్వాత మా అబ్బాయి లూటన్ ఒకరోజు వచ్చి పెళ్ళి చేసుకుంటానన్నాడు. సంతోషం నాయనా, ఎవర్నిరా అన్నాను. ఆమె కూతురు జోలిన్‌ని అన్నాడు. ఈ నీళ్ళ చుట్టూ ఇన్ని ఊళ్ళుండగా వీడికి ఆ గడపే దొరికింది!

చర్చిలో పాస్టరుగారు ఆమెన్ అన్నారో లేదో, ఆమె నాకు తంబు అయిపోయింది. మా అన్నకి తంబు. పీకోకి, జిమురుకి తంబు. బ్యాండు మొత్తానికి నోటికి తాళం. ఆ పెళ్ళిలో మాకు బంగారంలాంటి కోడలు వచ్చింది, పాట పోయింది. పేరు తీసేస్తే ఆ పాటలో ఏముంది? పులుసులో చేప తీసేసినట్టే.

ఇప్పుడు వైక్లిఫ్ లేడు. జిమురు లేడు. పీకో పోయి ఆరేళ్ళయింది. ఆ పాట కట్టి వాయించినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను, నేనేమో పలకకూడనివాణ్ణి. కొబ్బరి కోరేటప్పుడల్లా నాకు అదే బాధ. నాతోపాటు అది కూడా మట్టిలోకి పోతుంది కదా అని.

ఇదంతా విన్నాక జినీటా గోళ్ళు కొరకడం మానేసింది.

"తాతా, ఏడో తారీకు జెండా పండక్కి సేగే ఊరి మైదానంలో ఒక్కో బడి వాళ్ళూ తమ ఊరి పాత పాట ఒకటి పాడాలట. మా మాస్టారు ఎవరి దగ్గరైనా ఉందేమో కనుక్కోమన్నారు. ఇది పాడదాం!"

"పాడదాం" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. నోట్లోంచి దూకేసింది.

నెస్టా గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట నీలాంటివాడే. పలకడానికి వీల్లేని పాట పిల్లలకి ఎలా నేర్పుతావయ్యా?"

"పేరు దగ్గర మూడు దెబ్బలు కొట్టి నేర్పుతా."

మర్నాడే మొదలుపెట్టాం. బడి నుంచి ఇరవై మంది పిల్లలు వచ్చారు. ముందు వెదురు కావాలి. ఎండిన వెదురు కొట్టుకు రండ్రా అంటే తొందరలో పచ్చివి కొట్టుకొచ్చారు. రెండు రోజులు ఎండకి పెడితే పటపటా పగిలి ఊరుకున్నాయి. మూడో రోజు బడి వెనక మిగిలిపోయిన తెల్ల నీళ్ళ గొట్టాలు ఎత్తుకొచ్చారు.

"ఇదా వాద్యం? దీంతో స్నానాల గది కట్టుకోండి" అని కసిరాను.

"వాయించి చూడు తాతా" అంది జినీటా.

మొహం మాడ్చుకునే ఒకటి కొట్టాను. బొయ్‌మంది. బాగానే ఉంది. బాగుందని వెంటనే ఒప్పుకుంటే పెద్దరికం ఏం కాను? సాయంత్రం దాకా ఊరుకుని, సరేలే, ఎండిన వెదురు దొరికినన్ని వెదురు, తక్కినవి ఇవి అన్నాను. పొడుగు ఒక వేలెడు కోస్తే శ్రుతి ఎంత పెరుగుతుందో చూపించాను. ఎక్కువ కోస్తే అతికేది లేదర్రా, తక్కువ కోసి మళ్ళీ కోసుకోండి అని వందసార్లు చెప్పాను. నూటొకటో సారి ఒకడు రెండు వేళ్ళు కోసేశాడు. ఆ గొట్టం ఇప్పుడు మా నెస్టా పొయ్యి ఊదుకుంటోంది.

తర్వాత చెప్పులు. కొత్త చెప్పు పనికిరాదు, చప్ అని చచ్చిన చప్పుడు వస్తుంది. బాగా తొక్కి తొక్కి మెత్తబడ్డ మందపాటి పాత చెప్పు కావాలి. ఇది పిల్లలకి చెప్పడమే నేను చేసిన తప్పు. ఆదివారం ప్రార్థన ముగిసి జనం బయటికి వచ్చేసరికి చర్చి మెట్ల దగ్గర ఒక్కో జతలో ఒక్కో చెప్పే ఉంది. పాస్టరుగారిది కూడా. ఆయన ఒంటి చెప్పుతో కుంటుకుంటూ మా ఇంటికే తిన్నగా వచ్చారు.

"ఈ ఊళ్ళో చెప్పు పోయిందంటే ఎవరి గుమ్మం తొక్కాలో నాకు తెలుసులే" అన్నారు. "నలభై ఏళ్ళ కింద మా నాన్నగారు చెప్పేవారు."

"పండగ అయ్యాక ఇచ్చేస్తారండీ."

"ఇవ్వకపోతే రెండోది కూడా నీకే ఇస్తాను. ఎలా ఇస్తానో అడక్కు" అని నవ్వుకుంటూ వెళ్ళారు.

వారం తిరిగేసరికి పిల్లలకి దెబ్బ కుదిరింది. జినీటా ముందుండి అడుగుతుంది, పంతొమ్మిది మంది జవాబు చెప్తారు. పేరు దగ్గర మూడు దెబ్బలు. చూడ్డానికి అంతా బాగుంది. వినడానికి మాత్రం కుంటుతోంది, చర్చి నుంచి వస్తున్న పాస్టరుగారిలాగే. పిల్లలకీ తెలిసిపోయింది. ఎవర్ని పిలుస్తున్నారో తెలియకపోతే ఏ నోరు మాత్రం గట్టిగా అరుస్తుంది?

"అమ్మా, నువ్వు చెప్పు. గ్రానీ పేరేంటి?" అని జినీటా వాళ్ళమ్మని అడిగింది. పిల్లలకి ఆవిడ ఎప్పుడూ గ్రానీయే.

మా కోడలు జోలిన్ బట్టలు ఆరేస్తూ నా వైపు చూసింది. "పేరు నేను చెప్పగలను. కానీ పాటలో పెట్టుకోమని నేనెలా చెప్పను? పేరు ఆవిడది, ఇస్తే ఆవిడే ఇవ్వాలి. మామయ్యా, ఆ రోజుల్లో మీరు మా అమ్మని అడిగే కట్టారా?"

అడగలేదు. ఇరవై ఒక్క ఏళ్ళ వాడు ఎవర్ని అడుగుతాడు? మా నీళ్ళలో ఒకరి పేరుతో పాట కడితే ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళి చెప్పాలి. నలుగురు మొగపిల్లలం, మాకు ఆ మర్యాద గుర్తుకే రాలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను నిలదీసి అడగలేదు కూడా. ఇవాళ కోడలు బట్టలారేస్తూ అడిగేసింది.

"వెళ్ళి అడుగు" అంది నెస్టా.

"తిడుతుంది."

"తిట్టనీ. నలభై ఏళ్ళ తిట్లు, వడ్డీ లేకుండా తిడితే నీ అదృష్టం."

మర్నాడు పొద్దున్నే జినీటాని, ఇంకో నలుగురు పిల్లల్ని పడవెక్కించుకుని ఎదుటి తీరానికి బయల్దేరాను. గట్టిగా తెడ్డేస్తే ఇరవై నిమిషాల దూరం. నేను నలభై నిమిషాలు వేశాను.

వియ్యపురాలి ఇల్లు నీళ్ళ ఒడ్డునే, గుంజల మీద ఎత్తుగా ఉంటుంది. తంబుల మధ్య ఎదురుబొదురు మాటలు తక్కువ. నేను పడవలోనే, ఇంటి వైపు వీపు పెట్టి కూర్చున్నాను. పిల్లలు పైకెక్కారు. ఆవిడ వాళ్ళకి చేపా కర్రపెండలమూ పెట్టింది. తిన్నంతసేపూ నేను నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. ఆకలి వేస్తోంది. చివరికి జినీటా ఆకులో ఒక ముక్క తెచ్చి నాకిచ్చింది.

"గ్రానీ అంది, తింటూ వినమని."

వసారాలోంచి ఆవిడ గొంతు వచ్చింది. పది అడుగుల దూరంలో ఉన్న నాకు వినపడేటట్టే మాట్లాడుతోంది, కానీ మాటలన్నీ మనవరాలికే.

"జినీటా, మీ తాతగారిని అడుగు. ఆ పాటలో నీళ్ళల్లో ఏడ్చిందని ఉందే, ఎవరేడ్చారట?"

జినీటా నా వైపు తిరిగింది. "తాతా, ఎవరేడ్చారట?"

"విన్నానులేవే. వంద గజాల నుంచి చూస్తే ఏడ్చినట్టే ఉందని చెప్పు."

"గ్రానీ, ఏడ్చినట్టే..."

"నాకూ వినపడిందిలే. ఏడవలేదని చెప్పు. నవ్వాను. పంది నన్ను దాటుకుని ఈదుతూ పోతుంటే నవ్వలేక మునిగిపోయాను. నన్ను ఊరూరా ఏడిపించారని కోపం నాకు. పాట కట్టారని కాదు."

చిప్పలూ రాళ్ళూ విసిరింది అందుకా! ఒక్క మాట మారిస్తే పోయేదానికి నలభై ఏళ్ళు నేను ఈవిడ కంటబడకుండా తప్పించుకు తిరిగాను.

"మారుస్తానని చెప్పు" అన్నాను. "తప్పయిందని కూడా చెప్పు. ఆ రోజు అడక్కుండా కట్టాం. ఇప్పుడు అడుగుతున్నాను. పేరు పాటలో పెట్టుకోనిస్తుందేమో కనుక్కో."

వసారాలో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఇదిగో, అయిపోయింది, అనుకున్నాను. తిరుగు ప్రయాణానికి తెడ్డు కూడా చేతిలోకి తీసుకున్నాను.

"జినీటా" అందావిడ. ఈసారి గొంతు తగ్గింది. "మా అమ్మా నాన్నా నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. పోయారు. మీ గ్రాన్‌పా పిలిచేవాడు, ఓడ మీంచి రేవులోకి కేకేసి మరీ. ఆయనా పోయాడు. నా ఈడు వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్ళందరికీ ఏదో ఒక వరసన తంబునే. నువ్వు గ్రానీ అంటావు. మీ అమ్మ అమ్మా అంటుంది. మర్యాద ఇస్తున్నారు, నాకేం లోటు లేదు. కానీ నా పేరు నేను విని ఎన్నేళ్ళయిందో చెప్పు. ఒకప్పుడు ప్రతి రేవులో అరిచేవాళ్ళు. కోపం వచ్చేది, నిజమే. మీ అమ్మ పెళ్ళితో ఒక్కసారిగా ఊరంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం కంటే ఆ పాటే నయమనిపించింది. కానీ ఆ మాట వెళ్ళి ఎవరితో చెప్పను?"

నాకు ఆవిడ మీద జాలి వేసింది. అయ్యో, ఎంత కష్టం అనుకున్నాను. అంతకంటే ఎక్కువ ఆ రోజు నాకు అర్థం కాలేదు.

తర్వాత ఆవిడ లేచి వసారా అంచుకు వచ్చినట్టుంది, చెక్కలు కిర్రుమన్నాయి. తన పేరు తనే, మూడక్షరాలూ, స్పష్టంగా పలికింది. పిల్లలు తిరిగి అన్నారు. ఆవిడ మళ్ళీ పలికింది. నేను నీళ్ళకేసే చూస్తున్నాను. తంబు నోటికే గానీ చెవులకి లేదు. ఆ పేరు వినగానే పీకో, జిమురు, మా అన్న, ముగ్గురూ చెప్పులెత్తి పట్టుకుని నా పక్కన నిలబడ్డట్టే అనిపించింది. కళ్ళు తుడుచుకున్నాను. ఉప్పునీళ్ళు చిలికాయని పిల్లలతో చెప్పాను.

"ఇంకొక షరతు ఉంది" అందావిడ. గొంతు మళ్ళీ గట్టిపడింది. "అది పిల్లలకే చెప్తాను. మీ తాతగారిని పడవ కాస్త దూరంగా తీసుకెళ్ళమను."

"ఎంత దూరం?"

"వినపడనంత!"

చెప్పినట్టే తీసుకెళ్ళాను. అక్కడ నీళ్ళ మధ్య ఎండలో కూర్చుని చూస్తుంటే వసారాలో అయిదు తలలూ ఒక తెల్ల తలా ఒకచోట చేరాయి. అప్పుడప్పుడు నవ్వులు వినపడుతున్నాయి. తెడ్డుతో నేను నీళ్ళు కలుపుతూ కూర్చున్నాను.

తిరిగి వస్తూ దారిపొడుగునా అడిగాను. ఒక్కరు నోరు విప్పలేదు. జినీటా అయితే పెదాలు బిగబట్టుకుని ఆకాశంలో పక్షుల్ని లెక్కపెట్టింది. మామూలుగా దాని నోట్లో నువ్వుగింజ నానదు.

ఇంటికొచ్చి నెస్టాతో చెప్పాను. "ఏదో గూడుపుఠాణీ జరుగుతోంది. జనం ముందు ఆవిడ నా పరువు తీయబోతోంది."

"ఉన్నదే కదా తీసేది. నీకేం భయం?" అంది నెస్టా. ఇదీ ఆ పిల్లలతో కలిసిపోయిందని అప్పుడే గ్రహించాల్సింది.

ఏడో తారీకు పొద్దున్నే జెండా ఎగిరింది, ఉపన్యాసాలు అయ్యాయి. ఉపన్యాసం ఎంత పొడుగైతే అరటిపళ్ళు అంత ఎక్కువ అమ్ముడుపోతాయి, ఆ ఏడు అన్నీ అమ్ముడుపోయాయి. మా పిల్లల వంతు మధ్యాహ్నం వచ్చింది. వెదురు గొట్టాలు, తెల్ల నీళ్ళ గొట్టాలు వరసగా కట్టి తెచ్చి పెట్టాం. అన్నిటికంటే పెద్ద గొట్టం దగ్గర, పాస్టరుగారి చెప్పు పట్టుకుని నేను. పేరు దగ్గర నా నోరు మూసుకునే ఉండాలి గనక చేతికి పని పెట్టుకున్నాను.

ముందు వరసలో కుర్చీ వేసి వియ్యపురాల్ని కూర్చోబెట్టారు. కొత్త పువ్వుల గౌను వేసుకుంది. నేను అటు చూడలేదు. చూడకుండానే ఇవన్నీ ఎలా తెలిశాయని అడక్కండి.

జినీటా ఊపిరి పీల్చుకుని ఆ పేరు పిలిచింది. వెంటనే మిగతా పంతొమ్మిది మందీ గొంతు కలిపి మళ్ళీ పిలిచారు. మైదానం ఒక్కసారి ఉలిక్కిపడింది. మా వరస ముసలాళ్ళంతా చప్పున నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. పడవేదే? తిరగబడి తేలింది! పందేదే అనేసరికి అడ్డం పెట్టుకున్న చేతుల కిందనించి నవ్వులు తన్నుకొచ్చాయి. వంటేదే అనేసరికి కాళ్ళు లేచాయి. నోటికి తంబు గానీ కాళ్ళకి ఎవరు పెట్టారు? పీకో పెళ్ళాం, డెబ్బై ఏళ్ళ మనిషి, కర్ర పక్కనున్న వాడి చేతిలో పెట్టి ఎగరడం మొదలెట్టింది.

'మరి నువ్వేదే?' అని జినీటా అడిగింది.

'నీళ్ళల్లో నవ్వింది!' అన్నారు పిల్లలు.

అప్పుడు చూశాను. తప్పో ఒప్పో, నేరుగానే చూశాను. ఆవిడ కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది. పిల్లలు పేరు పిలిచిన ప్రతిసారీ తల ఊపుతోంది, హాజరు పలుకుతున్న బడిపిల్లలా. నవ్వుతోంది, నవ్వుకి బుగ్గలు తడిసిపోయాయి. ఆ పాట కట్టినందుకు ఆ ఒక్క నిమిషం నాకు గర్వమేసింది. చచ్చిపోయిన ముగ్గురికీ కూడా కలిపి గర్వపడ్డాను.

పాట అక్కడితో అయిపోవాలి. నేను చెప్పు దించాను.

పిల్లలు ఆపలేదు. దెబ్బ అలాగే సాగుతోంది. ఆపండర్రా, అయిపోయింది అని సైగ చేశాను. జినీటా జనానికి వీపు పెట్టి నా వైపు తిరిగింది. మిగతావాళ్ళు కూడా తిరిగారు. ఇరవై మొహాలూ నన్నే చూస్తున్నాయి, మైదానం అంతా నన్నే చూస్తోంది. జినీటా అరిచింది.

'ఆల్ఫియస్! నీ పడవేదోయ్?'

'వినపడనంత దూరం పోయింది!'

జనం గొల్లుమన్నారు. ఆల్ఫియస్ అంటే నేనే. నా పేరది. మా పీకో మంచం మీంచి చివరిసారి పిలిచాక ఆరేళ్ళుగా ఆ మాట నా చెవిన పడలేదు. ఆ సంగతి ఆ నిమిషం దాకా నాకే తెలియదు! బయట నేను లూటన్ తండ్రిని, పిల్లలకి తాతని, జోలిన్‌కి మామయ్యని, సగం ఊరికి తంబుని. నెస్టాకైతే ఏమయ్యాని, ముసలోణ్ణి. మా వియ్యపురాలు కూడా నా పేరు పలకకూడదు గనక పిల్లలకి మూడు దెబ్బలు కొట్టే నేర్పిందట. వాళ్ళు మా ఇంట్లో బైబిలు తీసి, మొదటి పేజీలో రాసి ఉన్న నా పేరు చూసుకున్నారట. చూపించింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు, జనంలో నెస్టా కడుపు పట్టుకుని నవ్వుతోంది.

'ఆల్ఫియస్! నీ నోరేదోయ్?'

'తంబు వచ్చి మూసింది!'

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాళ్ళుంటారంటారు. ఆ రోజు పడవలో కూర్చుని ఆవిడ మాటలకి జాలిపడ్డాను గానీ, ఆవిడ చెప్పింది నా సంగతి కూడా అని తోచలేదు. ఆవిడకి తోచింది.

'ఆల్ఫియస్! నీ పాటేదోయ్?' జినీటా గొంతు పగిలిపోయేటట్టు అడిగింది.

'మా నోట్లో ఉందోయ్!' అన్నారు పంతొమ్మిది మంది.

చెప్పు నా చేతిలోంచి జారి ఎక్కడో పడింది. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో వంద గజాల నుంచి చూసేవాడికి తెలియదు, నాకే తెలియలేదు. పిల్లలు ఊరుకోలేదు. ఆల్ఫియస్, ఆల్ఫియస్ అని మళ్ళీ అందుకున్నారు. ఈసారి మైదానంలో నాకు తంబు కాని ప్రతి నోరూ కలిసింది. అయిన వాళ్ళు చేతిలో ఉన్నదాంతో మూడు దెబ్బలు కొడుతున్నారు. ముందు వరసలో ఆవిడ కూడా కుర్చీ చేతి మీద కొడుతోంది.

"ఓయ్!" అన్నాను. అరవై ఆరేళ్ళ ముసలాణ్ణి, చెయ్యెత్తి మరీ పలికాను.